ఎలుకలు, హ్యామ్‌స్టర్లు, గినీ పిగ్‌లు: మచ్చిక గుణం, ఎంపిక చేసి ఈనిపించడం గురించి బెంగళూరు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

రామమూర్తి నగర్, మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో ఉండే మన తెలుగు కుటుంబాలు కుక్కను పెంచే వీలు లేక చిన్న జంతువుల వైపు వస్తున్నాయి. పిల్లలు అడుగుతారు, అమ్మానాన్నలు సరే అంటారు, వారం తిరిగేసరికి "కరుస్తోందండీ" అని ఫోన్ వస్తుంది. పెంపుడు ఎలుకలతోనూ గినీ పిగ్‌లతోనూ చాలాకాలంగా ఉంటున్నందువల్ల ఆ ఫోన్లు నాకు ఎక్కువగా వస్తాయి. అడిగినవాళ్ళందరికీ చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

మా హ్యామ్‌స్టర్ చేతిలో పెట్టుకుంటే కదలకుండా కూర్చుంటుంది. మచ్చికైనట్టేనా?

చాలాసార్లు కాదు. అది భయంతో బిగుసుకుపోవడం. చెవులు వెనక్కి వాలి, ఒళ్ళు అరచేతికి అణిగి, ఊపిరి వేగంగా ఆడుతుంటే ఆ జంతువు మీ చేతిని ఓర్చుకోవడం కూడా లేదు, ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని ఉంది. మచ్చికైనది చేతిలో తిరుగుతుంది, వేళ్ళు వాసన చూస్తుంది, మీ అరచేతిలోనే కూర్చుని మొహం తుడుచుకుంటుంది, గింజ ఇస్తే అక్కడే తింటుంది. భయపడ్డ ప్రాణి తిండి ముట్టదు.

జపాన్‌లోని మిషిమాలో ఉన్న జాతీయ జన్యుశాస్త్ర సంస్థ పరిశోధకులు చుంచెలుకల్లో మచ్చికను రెండుగా విడదీసి కొలిచారు. ఒకటి, మనిషి చేయి కనబడితే తానుగా దగ్గరికి రావడం. రెండోది, చేయి తన దగ్గరికి వస్తే పారిపోకుండా ఉండడం. ఇవి రెండూ ఒకటే అనుకుంటాం గానీ, ఒకటి ఉన్నచోట రెండోది ఉండాలని లేదు. షాపులో మనకు చూపించేది ఎప్పుడూ రెండో రకమే. ఇంట్లో మనకు కావలసింది మొదటిది.

ఈ గుణం పుట్టుకతో వస్తుందా, పెంపకంతో వస్తుందా?

రెండూ ఉన్నాయి. అయితే పుట్టుక వాటా మనం అనుకునే దానికంటే పెద్దది.

రష్యాలోని నొవొసిబిర్స్క్‌లో ద్మిత్రీ బెల్యాయెవ్ అనే జన్యుశాస్త్రవేత్త 1959లో మొదలుపెట్టిన, ప్రతి తరంలోనూ మచ్చికైన నక్కలనే ఎంచి జత కట్టించే ప్రయోగం గురించి చాలామంది వినే ఉంటారు. ఆయన పరిశోధన సంస్థలోనే 1972లో ఎలుకలతోనూ మొదలుపెట్టారు. ఊరి చుట్టుపక్కల పట్టిన అడవి ఎలుకల సంతానాన్ని రెండు వంశాలుగా చేశారు. మందపాటి తొడుగు వేసుకున్న చేతిని బోనులోకి పెడతారు. చేతికి ఎదురుతిరగని వాటిని ఒక వైపు, మీదపడి కరిచే వాటిని ఇంకో వైపు పెట్టి, ఏ వైపు వాటిని ఆ వైపే జత కట్టించారు. ప్రతి తరంలోనూ అదే పరీక్ష. తరాలు గడిచేసరికి ఒక వంశం చేతితో ఎత్తితే ఊరుకునేదిగా, ఇంకో వంశం చేయి కనబడితే దూకేదిగా తయారయ్యాయి.

ఆ ఎలుకలను తర్వాత జర్మనీలోని లైప్‌జిగ్‌కు తీసుకెళ్ళి పరీక్షించారు. అక్కడ చేసిన ఒక పని మన ప్రశ్నకు సూటిగా జవాబిస్తుంది. మచ్చిక తల్లి కింద కరిచే వంశపు పిల్లలను, కరిచే తల్లి కింద మచ్చిక వంశపు పిల్లలను పెట్టి పెంచారు. పెద్దయ్యాక ఏ వంశం పిల్లలు ఆ వంశం గుణాన్నే చూపించాయి. ఎవరి పాలు తాగాయన్నది తేడా తేలేదు. మచ్చిక వంశం ఎలుకలకు ఒత్తిడి హార్మోన్లు తయారుచేసే అడ్రినల్ గ్రంథులు చిన్నగా ఉన్నాయి, రక్తంలో ఒత్తిడి హార్మోన్ కార్టికోస్టెరాన్ కూడా తక్కువే. అంటే అవి చేతిని చూసి భయాన్ని దిగమింగుకోవడం లేదు, వాటికి భయమే తక్కువ.

ఇక పెంపకం వాటా. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మీనీ బృందం 1997లో ఒక సంగతి చూపించింది. పుట్టిన మొదటి రోజుల్లో తల్లి ఎక్కువగా నాకి శుభ్రం చేసిన ఎలుక పిల్లలు పెద్దయ్యాక ఒత్తిడిని బాగా తట్టుకుంటాయి. కాబట్టి గూడులో తల్లి ప్రశాంతంగా ఉండడం కూడా లెక్కలోకి వస్తుంది. పైన చెప్పిన రెండు వంశాలు 60 తరాలకు పైగా వేరుచేసినవి కాబట్టి అక్కడ రక్తం వాటా పూర్తిగా కమ్మేసింది. మన ఇళ్ళలో ఉండే మామూలు జంతువులు ఆ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటాయి. వాటి విషయంలో తల్లి, గూడు, మన చేతులు అన్నీ పనిచేస్తాయి.

అడవి ఎలుక పిల్లనో, చెట్టు మీంచి పడ్డ ఉడుత పిల్లనో చిన్నప్పటి నుంచి పెంచితే మచ్చికవదా?

ఆ ఒక్క పిల్ల మీకు అలవాటు పడొచ్చు. దాని పిల్లలకు ఆ అలవాటు అందదు. జర్మనీలోని మ్యున్‌స్టర్‌లో అడవి కేవీలను, అంటే గినీ పిగ్ చుట్టాలను, బోనుల్లోనే సుమారు 30 తరాలు పెంచి చూశారు. మచ్చిక కోసం ఎంపిక మాత్రం చేయలేదు. 30 తరాల తర్వాత కూడా వాటి ప్రవర్తన, ఒత్తిడి హార్మోన్లు అడవి నుంచి పట్టి తెచ్చిన వాటి లాగే ఉన్నాయి తప్ప గినీ పిగ్‌ల లాగా మారలేదు. బోనులో ఉంచితే చాలదు, ప్రతి తరంలో ఎవరు తల్లిదండ్రులు కావాలన్నది ఎవరో ఒకరు ఎంచాలి.

వీధి ఎలుకలతోనూ పందికొక్కులతోనూ ఇంకో ప్రమాదం ఉంది. వాటి మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. దయచేసి పట్టకండి. ఉడుత పిల్ల దొరికితే తల్లి వచ్చి తీసుకెళ్ళేలా అదే చెట్టు దగ్గర వెచ్చగా, పిల్లులకు అందకుండా ఉంచండి. చాలాసార్లు తల్లి వస్తుంది.

తెల్ల ఎలుకలు మెత్తనివి, నల్లవి కరుస్తాయి అంటారు. నిజమేనా?

రంగు చూసి గుణం చెప్పలేం. నొవొసిబిర్స్క్ ఎలుకల రెండు వంశాలను కలిపి, వాటి సంతానంలో 700కు పైగా ఎలుకలను పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. మచ్చికతో ముడిపడ్డ జన్యు స్థానాలు, అంటే జన్యువులుండే చోట్లు, రెండు స్పష్టంగా దొరికాయి. ఒంటి మీద తెల్ల మచ్చలు తెచ్చే స్థానం వేరే చోట ఉంది, దానికి మచ్చిక మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదు.

ల్యాబ్ తెల్ల ఎలుకలు సాధారణంగా సాధువులే. ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థ వంశం 1906 నుంచి మనుషుల చేతుల్లోనే ఉంది, ఆ సౌమ్యత దాన్నుంచి వచ్చింది. ఇంకొకటి, ఎర్రకళ్ళ తెల్ల ఎలుకలకు చూపు బాగా తక్కువ. దూరం అంచనా వేయడానికి తల అటూ ఇటూ ఊపుతాయి. వేలికి కూర వాసన ఉంటే అది తిండి అనుకుని పంటితో పట్టుకుని చూస్తాయి. చేతులు కడుక్కుని వెళితే ఈ "కాటు" సగం తగ్గిపోతుంది.

పిల్లను కొనేటప్పుడు ఏం చూడాలి?

తల్లిని చూడండి. "తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను" అని మన పల్లెల్లో అనేది ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. నా దగ్గరికి సలహాకు వచ్చేవాళ్ళలో దాదాపు ఎవరూ తల్లిని చూసి ఉండరు. షాపుకు వెళ్ళి, రంగు నచ్చి, డబ్బాలో పెట్టించుకుని వచ్చేస్తారు. ఆ పిల్ల ఎక్కడ పుట్టిందో షాపువాళ్ళకూ తెలియదు. మచ్చిక గుణం నిలవాలంటే కొనేవాళ్ళు ఈ ఒక్క ప్రశ్న అడగడం మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను: "దీని తల్లి ఎక్కడుంది? చేతిలోకి తీసుకోవచ్చా?"

తల్లిని చూసే అవకాశం దొరికితే ఇలా చేయండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. అరచేయి పైకి పెట్టి బోను నేల మీద ఆనించి ఊరుకోండి, పిల్లల గూటికి దూరంగా. మంచి తల్లి ఎలుక ముందు మీసాలు ఆడిస్తూ మెడ చాచి వాసన చూస్తుంది, వెనక్కి ఒకసారి వెళ్ళి మళ్ళీ వస్తుంది, ముందు కాళ్ళు రెండూ మీ వేళ్ళ మీద పెట్టి మణికట్టు దాకా వాసన చూస్తుంది. ఆ వెనక్కి వెళ్ళడం తప్పు కాదు. వెళ్ళాక ఎంత తొందరగా తిరిగి వస్తుందన్నదే చూడాలి. బెదరని జంతువంటూ ఉండదు. బెదురు నుంచి తొందరగా తేరుకునేదాన్ని ఎంచుకోవాలి. కొత్తగా ఈనిన తల్లి పిల్లలను కాచుకుంటూ మీదికి వస్తే మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోకండి, ఆ రోజుల్లో అది సహజం.

పిల్లల్లో అందరికంటే ముందు ఎగిరి వచ్చేదీ, మూలకు చేరి రానిదీ రెండూ వదిలేసి, రెండోదిగానో మూడోదిగానో వచ్చి చేతి దగ్గర ఆగేదాన్ని తీసుకోమని నేను చెబుతాను. ముందు దూకేది కొందరికి బాగా కుదురుతుంది, చిన్నపిల్లలున్న ఇంటికి మాత్రం అది కొంచెం ఎక్కువ.

మా పాపకు తొమ్మిదేళ్ళు. ఏది మంచిది?

గినీ పిగ్ లేదా ఎలుక. ఏది తెచ్చినా అదే జాతివి రెండు కావాలి, ఒంటరిగా ఉంచకూడదు. ఆండీస్ కొండల్లో వేల ఏళ్ళుగా మనిషి పెంచిన జంతువు గినీ పిగ్, కరవడం చాలా అరుదు. ఎత్తుకోవడం మాత్రం దానికి అంతగా నచ్చదు. ఒళ్ళో తువ్వాలు వేసి కూర్చోబెట్టుకుంటే హాయిగా ఉంటుంది. దాని ఒళ్ళు విటమిన్ సి తయారు చేసుకోలేదు కాబట్టి రోజూ కాప్సికం ముక్క, కొత్తిమీర లాంటివి తప్పనిసరి.

హ్యామ్‌స్టర్‌ను పిల్లల జంతువు అనుకుంటాం గానీ అది రాత్రిపూట తిరిగేది. పగలు పడుకున్నదాన్ని లేపితే ఎంత మంచిదైనా కరుస్తుంది. పైగా సిరియన్ హ్యామ్‌స్టర్ మచ్చిక చరిత్ర చాలా చిన్నది. 1930లో ఇజ్రాయెల్ అహరోనీ అనే జంతుశాస్త్రవేత్త సిరియాలోని అలెప్పో దగ్గర ఒక పొలంలో బొరియ తవ్వించి ఒక తల్లిని, 11 పిల్లలను పట్టాడు. ఇప్పుడు ప్రపంచమంతా ఇళ్ళలో ఉన్న సిరియన్ హ్యామ్‌స్టర్లు చాలావరకు వాటిలో బతికి మిగిలిన కొన్ని పిల్లల సంతానమే. అంటే వందేళ్ళు కూడా కాలేదు. పెద్దయ్యాక ఒక బోనులో ఒక్కటే ఉండాలి, రెండు పెడితే చంపుకుంటాయి.

జెర్బిల్ అనే ఎడారి ఎలుక చురుకైనది, కరవడం తక్కువ, ఒళ్ళో మాత్రం కూర్చోదు.

ఇంట్లో ఒకసారి ఈనిపించాలని ఉంది. జంటను ఎలా ఎంచాలి?

మొదట ఆలోచించాల్సింది, పుట్టిన పిల్లలు ఎవరి ఇంటికి వెళతాయని. ఎలుక ఒక ఈతలో 8 నుంచి 12 పిల్లలను పెడుతుంది, అంతకంటే ఎక్కువా జరుగుతుంది. కడుపుతో ఉండేది 21 నుంచి 23 రోజులు. ఈనిన రోజే మళ్ళీ కడుపు నిలవచ్చు కాబట్టి మగదాన్ని ముందే తీసేయాలి. పిల్లలు అయిదు వారాలకే ఒకదానితో ఒకటి జత కట్టగలవు, అప్పటికి ఆడా మగా వేరు చేసి తీరాలి. ఇళ్ళు ముందే మాట్లాడుకోకుండా దిగితే రెండు నెలల్లో మీ బాల్కనీ నిండిపోతుంది. అలా నిండినవి చివరికి ఎక్కడికి చేరతాయో చూసినవాణ్ణి కాబట్టి ఇంత ఖచ్చితంగా చెబుతున్నాను.

ఇళ్ళు ఉన్నాయనుకుందాం. ఇక ఎంపిక. నొవొసిబిర్స్క్‌లో ప్రతి తరంలో కొంత భాగాన్నే తల్లిదండ్రులుగా ఉంచేవారు. వందల జంతువుల్లోంచి కొన్నింటిని ఎంచగలిగిన చోట గుణం వేగంగా మారుతుంది. రెండు బోనులున్న మన ఇంట్లో అది సాధ్యపడదు, అవసరం కూడా లేదు. మన పెంపుడు ఎలుకల వెనక వందేళ్ళకు పైబడిన ఎంపిక ఇప్పటికే ఉంది. మనం కొత్తగా మచ్చికను పుట్టించనక్కర్లేదు, ఉన్నదాన్ని పోగొట్టకుండా ఉంటే చాలు. పోయేది ఎలాగంటే, చెవులు కిందికి ఉన్నాయనో, నీలం రంగు అరుదనో, బెదురుబోతునూ కరిచేదాన్నీ కూడా జత కట్టించినప్పుడు.

అందుకని నేను పాటించే పద్ధతి ఇది. కారణం లేకుండా మనిషిని ఒక్కసారి రక్తం వచ్చేలా కరిచినా దాన్ని జత కట్టించను, ఎంత అందంగా ఉన్నా సరే. దాని తోబుట్టువుల్లో ఇంకొకటి కూడా అలాగే ఉంటే ఆ ఈత మొత్తాన్ని పక్కన పెడతాను. మగ ఎలుక విషయంలో తొందరపడను. మగవాటిలో హార్మోన్ల వల్ల వచ్చే దూకుడు అయిదారు నెలల తర్వాత బయటపడుతుంది. మూడు నెలలప్పుడు వెన్నలా ఉన్నది ఎనిమిదో నెలలో బోను తలుపు దగ్గరికి వచ్చి బుసకొట్టొచ్చు. ఏడాది దాటి కూడా నెమ్మదిగా ఉన్న మగదాన్నే తండ్రిగా పెట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు. ఆడదానికి అంత ఆగడం కుదరదు, మొదటి కాన్పు మరీ ఆలస్యమైతే కష్టమవుతుంది. అందుకే దాని తల్లి, పిన్నులు ఎలా ఉన్నారో చూసి నిర్ణయించుకోవాలి.

గినీ పిగ్‌ల విషయంలో నా సలహా వద్దనే. ఆడదానికి ఆరేడు నెలలలోపు మొదటి కాన్పు కాకపోతే కటి ఎముకలు బిగుసుకుపోయి తల్లీ పిల్లలూ చనిపోయే ప్రమాదం ఉంది. షాపులో కొన్నదాని వయసు మీకు సరిగ్గా తెలియదు.

ఒక నోట్‌బుక్ పెట్టండి. ప్రతి పిల్లకూ మూడో వారం, ఆరో వారం, ఆరో నెల చేతి పరీక్ష చేసి రాయండి: దగ్గరికి వచ్చిందా, ఎత్తితే ఊరుకుందా, అరిచిందా, కరిచిందా. పిల్లలను తీసుకున్న ఇళ్ళకు ఆరు నెలల తర్వాత ఫోన్ చేసి అడగండి. జ్ఞాపకం మీద ఆధారపడితే మనకు ఇష్టమైన జంతువు అన్నిట్లోనూ మంచిదిగానే కనబడుతుంది.

అన్నాచెల్లెళ్ళను జత కట్టిస్తే మంచి గుణం తొందరగా స్థిరపడుతుందటగా?

స్థిరపడేది మంచి గుణం ఒక్కటే కాదు, దాక్కున్న జబ్బులూ బయటికొస్తాయి. ల్యాబ్‌లలో చేసేది వేరే అవసరానికి, వాళ్ళ దగ్గర బలహీనమైన వంశాలను వదిలేయడానికి వేరే వంశాలుంటాయి. ఇంట్లో వద్దు.

పిల్లలను ఎన్నో రోజు నుంచి ముట్టుకోవచ్చు?

ఎలుకలైతే తల్లి మీకు బాగా అలవాటైనదై ఉండాలి. అప్పుడు మొదటి వారంలోనే రోజుకు ఒకసారి, తల్లిని పక్క డబ్బాలో తిండి పెట్టి కూర్చోబెట్టి, పిల్లలను లెక్కచూసి వెంటనే పెట్టేయొచ్చు. రెండో వారం చివర కళ్ళు తెరుస్తాయి. అక్కడి నుంచి ఆరో వారం దాకా రోజూ కొంచెంసేపు చేతుల్లో ఉంచుకోవడం అన్నిటికంటే విలువైన పని. ఆ వయసులో చేతులు తెలియని పిల్లకు తర్వాత అలవాటు చేయాలంటే ఎంతో ఓపిక కావాలి.

హ్యామ్‌స్టర్ అయితే మొదటి పది పన్నెండు రోజులు గూటి జోలికే వెళ్ళకండి. బెదిరిన తల్లి పిల్లలను తినేస్తుంది. గినీ పిగ్ పిల్లలు కళ్ళు తెరుచుకుని, బొచ్చుతో పుడతాయి కాబట్టి మర్నాటి నుంచే మెల్లగా తాకొచ్చు.

తోక పట్టుకుని ఎత్తొచ్చా? షాపులో అలాగే ఎత్తారు.

వద్దు. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో జేన్ హర్స్ట్ బృందం 2010లో చుంచెలుకల మీద చేసిన పనిలో, తోక పట్టి ఎత్తినవి మనిషి చేతికి దూరంగా పారిపోతూ ఎక్కువ బెదురుగా ఉన్నాయి. ఒక గొట్టంలోకి రానిచ్చి ఎత్తినవి, దోసిట్లో ఎత్తినవి చేతి దగ్గరికి తామే వచ్చాయి. టిష్యూ రోల్ అట్ట గొట్టం చాలు, ఖర్చేమీ లేదు. జెర్బిల్‌కు తోక చర్మమే ఊడి చేతిలోకి వస్తుంది, అది మళ్ళీ పెరగదు.

బెంగళూరులో ప్రత్యేకంగా ఏమైనా జాగ్రత్తలున్నాయా?

మన ఊరి వాతావరణం ఏడాదిలో ఎక్కువ భాగం వీటికి సరిపోతుంది. మార్చి, ఏప్రిల్ మాత్రం జాగ్రత్త. గది వేడి 28 డిగ్రీలు దాటితే గినీ పిగ్‌లకు ఇబ్బంది మొదలవుతుంది. పడమటి ఎండ పడే బాల్కనీలో బోను పెట్టకూడదు. నేల మీద ఒక గ్రానైట్ పలక వేస్తే దాని మీద పడుకుంటాయి. వేడికి విసిగిన జంతువు చిరాకుగా ఉంటే దాన్ని చెడు గుణమని రాసేయకండి.

శబ్దం ఇంకో సంగతి. మనకు 20 కిలోహెర్ట్జ్ (శబ్దం ఎంత సన్ననిదో చెప్పే కొలత) దాటితే వినబడదు, ఎలుకకు సుమారు 80 దాకా వినబడుతుంది. అవి మాట్లాడుకునేది కూడా మనకు వినబడని ఆ స్థాయిలోనే. యాక్ పాంక్సెప్ అనే శాస్త్రవేత్త, చక్కిలిగింతలు పెట్టిన ఎలుకలు 50 కిలోహెర్ట్జ్ దగ్గర సంతోషపు శబ్దాలు చేస్తాయని చూపించారు. భయపడ్డవి 22 దగ్గర చేస్తాయి. అందుకే బోను పక్కన పెట్టిన ఏదో పరికరం మనకు నిశ్శబ్దంగా ఉన్నా వాటికి రోజంతా మోత మోగించొచ్చు. ఒక్కసారిగా గుణం మారితే ముందు బోను చోటు మార్చి చూడండి. దీపావళి వారంలో లోపలి గదిలో, తలుపులు వేసి ఉంచండి.

అమ్మాలంటే లైసెన్స్ కావాలా?

పెంపుడు జంతువులు అమ్మే షాపులకు 2018 పెట్ షాప్ నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వ్యాపారంగా చేయాలనుకుంటే ముందు అది చూసుకోండి.

కరిచింది. ఏం చేయాలి?

సబ్బుతో ధార నీటి కింద 15 నిమిషాలు కడగండి, డాక్టరుకు చూపించండి, టెటనస్ సంగతి అడగండి. తర్వాతి రోజుల్లో జ్వరం, కీళ్ళ నొప్పులు వస్తే ఎలుక కరిచిందని డాక్టరుకు తప్పకుండా చెప్పండి. వీధి ఎలుక అయితే అసలు ఆలస్యం చేయకండి.

కరిచినప్పుడు చేయి విదిలించకండి. విదిలిస్తే అది ఎగిరి పడుతుంది, చేయి అంటే భయం ఇంకా పెరుగుతుంది. ఇంతకు ముందెప్పుడూ కరవనిది కరిస్తే ఒంట్లో నొప్పి ఉందేమో చూడాలి. పళ్ళు పెరిగిపోవడం, గడ్డలు, చర్మంలో పురుగు ఇవన్నీ కాటుగానే బయటపడతాయి. చిన్న జంతువులను చూసే డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళండి. ఎవరో తెలియకపోతే హెబ్బాళలోని వెటర్నరీ కాలేజీలో అడిగి చూడండి.

నెలలు గడిచినా మాది దగ్గరికి రావడం లేదు. ఇచ్చేయాలా?

ఇవ్వకండి. పుట్టుకతోనే బెదురున్న జంతువు అయ్యుంటుంది, అది దాని తప్పు కాదు, మీదీ కాదు. పట్టుకోవడం మానేయండి. దాక్కోవడానికి రెండు చోట్లు, తవ్వుకోవడానికి లోతుగా పేపర్ ముక్కలు, ఎలుకైతే తోడుగా ఇంకో ఎలుక ఇవ్వండి. రోజూ ఒకే వేళకు, ఒకే గొంతుతో పలకరించి, చేతి పక్కన ఒక పొద్దుతిరుగుడు గింజ పెట్టి వచ్చేయండి. కొన్ని చేతిలోంచి తీసుకునేదాకా వస్తాయి, కొన్ని అక్కడే ఆగిపోతాయి. ఆగిపోయినదాన్ని చూసి ఆనందించండి, దాని రెండు మూడేళ్ళ జీవితం దాన్ని హాయిగా బతకనివ్వండి. జత మాత్రం కట్టించకండి.